ఫిడేలు నాయుడుగారు

ద్వారం వెంకటస్వామినాయుడుగారి పేరు మన విద్యార్థులలో ఎందఱికి తెలియునో చెప్పజాలను. ఘంటసాల పేరు తెలియనివారుండరు. ఆ ఘంటసాల విజయనగరమున సంగీతము నేర్చుకొన్న కళాశాలకు ఆనాడు ప్రిన్సిపాలుగా నుండినవారు నాయుడుగారే యని చెప్పిన పిదపగాని మా తరగతిలో పిల్లలు తల యెత్తి వినరు. ఇందు వారి తప్పు కొంచెమే. పాడువానిని జ్ఞాపకముంచుకొన్నంత సులభముగా మనము వాయించువానిని జ్ఞాపకముంచుకొనము. మాట యున్నచోట చెవి నిలుచును; మాట లేనిచోట జారిపోవును. తెలుగు పాఠము చెప్పుకొని బ్రతుకువాడను గనుక ఈ దోషము నాయందు మఱికొంత హెచ్చుగనే యుండెను. పాట యనగా సాహిత్యమే యనియు, రాగము దానికి తొడిగిన వస్త్రమనియు చాలకాలము తలచితిని. ఆ తలంపును కదల్చినవి నాయుడుగారి పాత రికార్డులు. అందుచేత వారి జీవితమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట నాకొక ఋణము తీర్చుకొనుట వంటిది.

వెంకటస్వామినాయుడుగారు 1893 వ సంవత్సరము నవంబరు 8 వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యమున ఉద్యోగి. కుటుంబము పిదప విశాఖపట్టణము చేరినది. బాల్యమంతయు అచ్చటనే గడచెను. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయింతురు. తమ్మునికి తొలి గురువు ఆయనయే. ఇంటిలో వాద్యమున్నది, నేర్పువాడున్నాడు. కాని బాలునకు కంటిచూపు చాలదు.

ఈ సంగతిని జీవితచరిత్రలు వ్రాయువారు ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. ఉపాధ్యాయులమైన మనము అట్లు దాటరాదు. చూపు మందగించిన పిల్లవానికి నల్లబల్ల యొక గోడ, పుస్తకమొక శిక్ష. మనము వానిని ముందుబల్లపై కూర్చుండబెట్టి మన బాధ్యత తీఱినదని తలచుకొందుము. నాయుడుగారి చదువు సాగకుండుటకు కారణము ఈ చూపే. బడిలో వెనుకబడిన ఆ బాలుడు ఇంటిలో అన్నయొద్ద ముందుకు పోయెను. అన్న చేతివ్రేళ్లు తీగపై ఎచ్చట నిలుచుచున్నవో కన్నుతో పట్టుకొనలేనివాడు చెవితో పట్టుకొనవలసివచ్చెను. ఫిడేలు నేర్చుటకు ఇది లోపము కాదు. వీణపై మెట్లున్నవి, ఫిడేలుపై మెట్లు లేవు. స్వరస్థానమును కన్ను చూపదు, చెవియే చెప్పవలెను.

ఇచ్చట ఈ వాద్యమును గూర్చి కొంచెము చెప్పుకొనవలెను. ఫిడేలు మన దేశమున పుట్టినది కాదు. ఆంగ్లేయులతో, వారి పటాలముల బ్యాండులతో మద్రాసు కోటకు వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసునందొక ఐరోపా వాద్యకాని యొద్ద దీనిని నేర్చి, మన రాగములను దానిపై పలికించిరి. అన్నగారు ఆ బ్యాండు మట్టులకే సంస్కృత సాహిత్యములు కట్టిరి. వానికి నోటుస్వరములని పేరు. తంజావూరు సోదరులలో ఒకరైన వడివేలు తిరువాన్కూరు కొలువునందు ఫిడేలు వాయించి స్వాతితిరునాళ్ మహారాజుచేత దంతపు ఫిడేలును బహుమతిగా పొందెను. నూఱేండ్లు తిరుగకమున్నే ఈ పరదేశి వాద్యము మన కచేరీలో గాయకుని ప్రక్క పీట వేసికొని కూర్చుండెను. ఐరోపావారు దానిని గడ్డముక్రింద నొక్కిపట్టి నిలువబడి వాయింతురు. మనవారు నేలపై మఠము వేసికొని, దాని తలను కుడిపాదము మీద ఆనించి వాయింతురు. వారి తీగల శ్రుతి వేఱు, మన తీగల శ్రుతి వేఱు. మనము మందరమున స–ప, దానిపై మరల స–ప అని కట్టుకొందుము. వాద్యమును మార్చలేదు, కూర్చుండు తీరును, తీగలను బిగించు తీరును మాత్రము మార్చితిమి. ఎడమచేయి బరువు మోయవలసిన పని తప్పెను. వ్రేళ్లు తీగపై జారుటకు వీలు కలిగెను. గమకమునకు కావలసినది ఆ జాఱుడే.

పాశ్చాత్యులు ఫిడేలునకు తోడుగా పియానోను కూర్చిరి. పియానో చూడనివారికి హార్మోనియముతో పోల్చి చెప్పవచ్చును. మా నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల పల్లెలలో భజనమందిరమున్నచోట సాధారణముగా హార్మోనియము కనిపించును. ఫిడేలు కనిపించుట అరుదు. హార్మోనియమునందువలెనే పియానోయందును మీటలున్నవి. హార్మోనియములో గాలి పలుకును. పియానోలో మీటకు కట్టిన చిన్న సుత్తె లోపలి తీగను కొట్టును. రెంటియందును స్థాయి పండ్రెండు సమభాగములై స్థిరముగ నుండును. మీట నొక్కిన పిదప ఆ స్వరమును పైకి లేపుటకుగాని, క్రిందికి వంచుటకుగాని, ఊపుటకుగాని వీలులేదు. పాశ్చాత్యులకు ఆ యిబ్బంది లేదు, ఏలయన పెక్కు స్వరములను ఒక్కసారి పలికించి వాని పొందిక వలన రసము పుట్టించుట వారి పద్ధతి. ఫిడేలు ఒక మాట చెప్పుచుండగా పియానో దాని క్రింద అరుగు కట్టుచుండును. ఇట్లు రెండు వాద్యములు కలిసి మూడు నాలుగు నిమిషములు వాయించు చిన్నచిన్న రచనలు వారికి వేలున్నవి. ఆస్ట్రియా దేశపు ఫ్రిట్జ్ క్రైస్లర్ (1875–1962) అట్టివి రచించుటలో ప్రసిద్ధుడు. ప్రేమవేదన యని అర్థమిచ్చు పేరుగల ఆయన చిన్న రచన యొకటి 1905 లో అచ్చుపడినది; నేటికిని ఫిడేలు నేర్చువారందఱు దానిని వాయింతురు. తన రచనలు కొన్నింటిని పూర్వులవని చెప్పి చిరకాలము వాయించి, 1935 లో అవి తనవేయని ఆయన ఒప్పుకొనెను. మన ప్రాచీన కవుల చాటుపద్యముల కర్తృత్వమును గూర్చి తలలు బ్రద్దలుకొట్టుకొను మావంటివారికి ఈ కథ వినుట కొంత ఊరట.

అట్టి రచనలు పుట్టినది రాజుల కొలువుకూటములలో, సంపన్నుల చావడులలో. శ్రోతలు ఇరువదిమంది, ముప్పదిమంది. వాయించువాని ఊపిరి కూడ వినబడునంత దగ్గఱ. దానిని వారు గదిసంగీతమందురు. మన కచేరీయు పూర్వము అట్టిదే. మైకులు వచ్చి, మండపములు పెరిగిన తరువాతనే అది వేలమంది వినవలసిన వస్తువాయెను. నాయుడుగారి వాద్యము ఆ మొదటి కాలపు స్వభావము గలది. ఈ మాటను జ్ఞాపకముంచుకొని ముందుకు పోవుదము.

యౌవనమున నాయుడుగారిని మిక్కిలి ఆకర్షించినది ఫిడేలు కాదు, వీణ. పిఠాపుర సంస్థానమున తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారని గొప్ప వైణికులుండిరి. ఆయన వీణాగానపు ప్రభావము నాయుడుగారిపై చాల పడెను. వీణలో ఒక్కసారి మీటిన నాదము తనంతట తాను సన్నగిల్లుచు పోవును. ఆ సన్నగిల్లు నాదములోనే వైణికుడు వ్రేలితో తీగను లాగి మూడు నాలుగు స్వరములను పలికించును. అందొక నెమ్మది యున్నది. ఫిడేలునకు ఆ నిర్బంధము లేదు. కమాను ఆడుచున్నంతసేపు నాదముండును. ఉన్నది గనుక వాడవలెనను ఆశ పుట్టును. చాలమంది ఫిడేలు విద్వాంసులు ఆ యాశకు లోబడి కమానును అరగదీయుదురు. నాయుడుగారు మాత్రము వీణ నేర్పిన మితమును ఫిడేలునందు పాటించిరి.

1919 వ సంవత్సరమున విజయనగర ప్రభువు విజయరామ గజపతి సంగీతమునకొక పాఠశాల నెలకొల్పిరి. తన కొలువున నుండిన చాగంటి జోగారావు కుమారుడు గంగరాజు పుట్టుగ్రుడ్డి. ఆ బాలునకు సంగీతమందు మక్కువ. వాని కొఱకే ప్రభువునకు ఈ సంకల్పము కలిగినదని ప్రతీతి. గద్వాల, వనపర్తి, కొల్లాపురము సంస్థానముల కథలు వినుచు పెరిగిన మా ప్రాంతమువారికి ఇందు వింత తోచదు. కవినో గాయకునో పిలిచి శాలువ కప్పి పంపుట సంస్థానములలో మామూలే. కాని శాలువతో ఆపక పాఠశాల కట్టించుట మామూలు కాదు. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైరి.

ఆ పాఠశాలలో విద్యార్థిగా చేరుటకై నాయుడుగారు విశాఖపట్టణమునుండి వచ్చిరి. అప్పటికి వయస్సు ఇరువదియాఱు. ఆ వయస్సున విద్యార్థిగా చేరుటకు మనలో ఎంతమంది సంకోచపడకుందురు? వారి వాద్యమును విని, ఈతడు నేర్చుకొనవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని నిశ్చయించి ఫిడేలు ఆచార్యునిగా నియమించిరి. చేతబట్టుకొని వచ్చినది ప్రవేశము కోరు మనవి. చేతికి వచ్చినది ఉద్యోగము. ఇది మన సంగీతలోకమున పలుమార్లు చెప్పుకొన్న వృత్తాంతము. అందఱును దీనిని నాయుడుగారి ప్రతిభకు నిదర్శనముగా చెప్పుదురు. నాకు మాత్రము నియమించినవారి గొప్పతనము ఎక్కువగా కనబడును. చేతిలో పట్టా లేదు, చూపు చాలదు, ఒక పెద్ద గురువు పేరు చెప్పుకొనుటకు లేదు. నేటి నియామక సంఘమెదుట ఆయన కాగితములు మొదటి పరిశీలనముననే ప్రక్కకు పోయియుండును.

నారాయణదాసుగారి తరువాత, 1936 లో, నాయుడుగారు ఆ కళాశాలకు ప్రిన్సిపాలైరి. ఈ ఇద్దఱి స్వభావములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. దాసుగారు కాలిగజ్జెతో, చేతాళముతో సభనంతటిని ఆక్రమించు పురుషసింహము. నాయుడుగారు తల వంచుకొని తీగతో మాటలాడుకొను మనిషి. ఒకే కళాశాల ఒకరి తరువాత ఒకరిగా ఈ ఇరువురిని భరించి లాభము పొందినది. నాయుడుగారు ప్రిన్సిపాలుగా నున్న దినములలోనే ఘంటసాల అచ్చట విద్యార్థియై పట్రాయని సీతారామశాస్త్రిగారి శిక్షణలో గాత్రము నేర్చెను. పి. సుశీలయు ఆ కళాశాల విద్యార్థినియే. తెలుగు సినిమాపాటలో శ్రుతిశుద్ధము, ఉచ్చారణశుద్ధము అని మనము మెచ్చుకొనువాని వేళ్లు విజయనగరపు మట్టిలో ఎంతదూరము పోయినవో ఎవరైన విద్యార్థి పరిశోధింపదగిన విషయము.

నాయుడుగారికి శ్రుతియందు పట్టుదల మెండు. తంబురా నాదస్వభావమును గూర్చి వారు వ్యాసములు వ్రాసిరి. తంబురా నాలుగు తీగల వాద్యమే. దానిపై పాటయు లేదు, తాళమును లేదు. సరిగా శ్రుతి చేసిన తంబురాలో మీటిన తీగ స్వరముతోపాటు, మీటని స్వరములు కొన్ని దాని లోపలినుండి వినబడును. ఒక్క తీగ కంపించునపుడు అది నిండు పొడవునను, సగముగను, మూడవవంతుగను, నాలుగవవంతుగను ఏకకాలమున కంపించుటయే ఇందులకు కారణము. ఆ అనుస్వరములను వినగలిగిన చెవికి వేఱొక కొలబద్ద అక్కఱలేదు. చూపు తక్కువైన మనిషి తన లోకమును నాదముతో కొలుచుకొనుటలో ఆశ్చర్యమేమి? ఇతరుల కచేరీలు వినుటయే సగము విద్యయని వారి నమ్మకము. వినుటకు ఓపిక లేనివాడు వాయించుటకు తగడని శిష్యులకు చెప్పుచుండిరందురు.

ఇక పక్కవాద్యమును గూర్చి. కచేరీలో ఫిడేలువాని పని తెలియనివారు దానిని తేలికగా నెంచుదురు. గాయకుడు ఏ రాగము నెత్తునో, ఏ కీర్తన పాడునో ముందుగా చెప్పడు. అతడు పాడుచున్నంతసేపు అరక్షణము వెనుకగా నీడవలె అనుసరించి పోవలెను. అతడు ఆలాపన ముగించినపుడు తన వంతు వచ్చును; అప్పుడు కూడ అతని కంటె ఎక్కువసేపు వాయించుట మర్యాద కాదు. స్వరకల్పనలో అతడు వేసిన ప్రశ్నకు తడబడక బదులీయవలెను. ఓడిపోయిన అవమానము, గెలిచిన అపచారము. నాయుడుగారు ఈ పనిని ఏండ్లతరబడి చేసిరి. తమిళదేశపు మహాగాయకులు వారిని కోరి పక్కన కూర్చుండబెట్టుకొనిరి. ఆ కాలమున ఫిడేలునకు ముగ్గురు మొనగాండ్రని లోకము చెప్పుకొనెడిది: మైసూరు చౌడయ్య, కుంభకోణము రాజమాణిక్కము పిళ్లె, మన ద్వారమువారు. పెద్దసభలలో చివరి వరుసకు నాదము వినబడుటలేదని చౌడయ్యగారు ఫిడేలునకు మఱి మూడు తీగలు చేర్చి ఏడుతీగల వాద్యము చేసిరి. అది యొక పరిష్కారము. నాయుడుగారు నాలుగు తీగలతోనే ఉండిపోయిరి. నాదమును పెంచుటకంటె శ్రోతను దగ్గఱకు రప్పించుట మేలని వారు తలచినట్లు వారి రికార్డులు వినిన నాకు తోచును.

1938 లో వేలూరునందు నాయుడుగారు ఫిడేలునే ప్రధానముగ చేసికొని ఒంటరి కచేరీ చేసిరి. నేడు ఒంటరి ఫిడేలు కచేరీ మనకు వింత కాదు. ఆనాడు వింతయే. వీణకు, వేణువునకు, నాగస్వరమునకు స్వతంత్రస్థానము పూర్వమునుండి యున్నది. ఫిడేలు మాత్రము వచ్చినది మొదలు గాయకుని ప్రక్కనే యుండెను. గాయకుని పీట ఖాళీగా నుండగా, ఫిడేలు వాద్యకాడు నడుమ కూర్చుండి, మృదంగము తోడుగా మూడు గంటలు సభను నిలుపగలడా యనునది ప్రశ్న. దీనిలోపల ఇంకొక ప్రశ్న యున్నది. అది నావంటివానికి సంబంధించినది. త్యాగరాజస్వామి కీర్తనలో మాట తీసివేసిన మిగిలినదేమి? మన కర్ణాటక సంగీతమున వాద్యమునకు ప్రత్యేక రచనలు మిక్కిలి అరుదు. గాయకుడు పాడు కీర్తననే వైణికుడును, ఫిడేలువాడును వాయింపవలెను. క్రైస్లర్ రచన పుట్టుకతోనే మాట లేనిది. దానికి పోగొట్టుకొనుటకు ఏమియు లేదు. మన కీర్తన అట్లు కాదు. అందు పల్లవికి అర్థమున్నది, చరణమున భక్తుని వేడికోలున్నది, చివర కవి ముద్ర యున్నది. ఇదంతయు తీసివేసి స్వరపు గూడును మాత్రమే చూపుట కవికి అపచారము కాదా?

నేను చాలకాలము కాదనలేకపోతిని. నాయుడుగారి రికార్డులు వినిన పిదప నా వాదము సడలినది. ఎట్లు సడలినదో చెప్పెదను. రామ అను మాటను తీసికొనుడు. మొదటి అక్షరము దీర్ఘము, రెండవది హ్రస్వము. గాయకుడు మొదటి అక్షరమును పట్టి దానిపై అయిదారు స్వరములు పలికి, పిదప రెండవ అక్షరమునకు దిగును. సాధారణ వాద్యకాడు స్వరము మాఱినప్పుడెల్ల కమానును త్రిప్పును. అప్పుడు మాట ముక్కలగును. నాయుడుగారు అక్షరము మాఱినచోటనే కమానును త్రిప్పుదురు. దీర్ఘాక్షరము మీది స్వరములన్నియు ఒక్క నిడుపాటి కమానులో, తెంపు లేకుండ, ఒకే ఊపిరిలో వచ్చినట్లు వచ్చును. హల్లు పడవలసినచోట కమాను ఒకింత నొక్కును. ద్విత్వమున్నచోట ఆ నొక్కు మఱికొంత గట్టిపడును. కీర్తన తెలిసినవాడు వినుచుండగా మాటలు వానంతట అవియే పెదవులకు వచ్చును. తెలియనివాడు సైతము ఇచ్చట ఎవరో ఏదో అడుగుచున్నారని గ్రహించును. ఛందస్సు చెప్పునపుడు గురులఘువులను గుర్తులతో చూపి మనము పిల్లలను బెదరగొట్టుదుము. నాయుడుగారు వానిని కమానుతో చూపిరి. వాద్యము సాహిత్యమును మఱచినదన్న నింద వారి విషయమున చెల్లదు. అందఱి విషయమున చెల్లదని నేననను.

1941 లో మద్రాసు సంగీత విద్వత్సభవారు నాయుడుగారిని సంగీత కళానిధిగా గౌరవించిరి. 1928 లో పుట్టిన ఆ సభ యొక్క ఈ గౌరవము కర్ణాటక సంగీతలోకమున పెద్దదిగా ఎన్నబడును. కావేరీతీరపు విద్వాంసుల నడుమ తెలుగుదేశపు ఉత్తరాంచలమునుండి, అందును ఒక పెద్ద గురుపరంపర పేరు చెప్పుకొనని మనిషి ఆ స్థానమును పొందుట సామాన్యము కాదు. త్యాగరాజు తెలుగున పాడినను ఆయన సంగీతము కావేరి నీరు త్రాగి పెరిగినదని తమిళులు మనలను ఎత్తిపొడుచుట కద్దు. అందులో నిజము లేకపోలేదు. ఎత్తిపొడుపునకు మనము వ్యాసములతో బదులు చెప్పుచుండగా నాయుడుగారు వాయించి ఊరకుండిరి.

1952 వ సంవత్సరము వారి జీవితమున రెండు విధముల గుర్తుంచుకొనదగినది. ఆ సంవత్సరము జగత్ప్రసిద్ధుడైన ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చెను. మద్రాసునందు జస్టిస్ పి. వి. రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాద్యమును వినెను. రాజమన్నారుగారు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. తెలుగు విద్యార్థులకు మాత్రము తప్పెవరిది నాటకకర్తగా పరిచితులు. మఱుసటి సంవత్సరము ప్రారంభమైన కేంద్ర సంగీత నాటక అకాడమీకి వారే తొలి అధ్యక్షులు. ఆనాటి కూటమి సభ కాదు, ఒక యింటి చావడి. చిన్ననాటినుండి పియానో తోడుగా ఫిడేలు వాయించి లోకమంతయు తిరిగిన దాదాపు ముప్పదియాఱేండ్ల మనిషి ఎదుట, నేలపై కూర్చున్న దాదాపు అరువదేండ్ల మనిషి, అదే వాద్యముపై, తంబురా తోడుగా, తాను పుట్టి బుద్ధెఱిగి విననట్టి స్వరసంచారమును చేయుచుండెను. ఒకే కొయ్య, ఒకే నాలుగు తీగలు, ఒకే గుఱ్ఱపువెండ్రుకల కమాను. మెనూహిన్ నాయుడుగారి విద్యను మెచ్చుకొనెను. అతడు పిదప జీవితకాలమంతయు భారతీయ సంగీతముతో స్నేహము చేసెను. ఆ స్నేహమునకు మూలము ఈ ఒక్క సాయంకాలమే యని చెప్పుట అతిశయోక్తి యగును; ఆ సంవత్సరము అతడు చూచినవియు, వినినవియు అనేకములు. కాని గదిసంగీతమునకు తగిన శ్రోత దొరకినపుడు అట్టి విద్య యెంత దూరము పోవునో తెలిసికొనుటకు ఈ సంఘటన చాలును.

ఆ సంవత్సరముననే ఢిల్లీలో అంధసహాయ నిధికై నాయుడుగారు కచేరీ చేసిరి. గ్రుడ్డిబాలుని కొఱకు పుట్టినదని చెప్పబడు పాఠశాలలో జీవితమును గడపిన మనిషి, తానును చూపు లేమితో బాధపడిన మనిషి, అట్టి నిధికై కమాను పట్టుటను గూర్చి వ్యాఖ్యానము చేయ నక్కఱలేదు.

బిరుదులను గూర్చి త్వరగా ముగించెదను. 1953 లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957 లో పద్మశ్రీ వచ్చినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ నిచ్చెను. బిరుదుల పట్టిక ఎవరికైన నొక్కటే రీతిగ నుండును. మనిషి అందు కనబడడు. వారి యింట విద్య నిలిచినది. కుమారుడు భావనారాయణరావు, కుమార్తె మంగతాయారు ఫిడేలు విద్వాంసులై పేరు తెచ్చుకొనిరి. ద్వారమువారి బాణీ యని సంగీతజ్ఞులు చెప్పుకొనునది ఒక మనిషితో ఆగలేదు.

1964 నవంబరు 25 వ తేదీన, డెబ్బదియొకటి నిండిన కొలది దినములకు, నాయుడుగారు కన్నుమూసిరి. వారి శతజయంతి సందర్భమున, 1993 లో, భారత తపాలాశాఖ వారి బొమ్మతో బిళ్ల వెలువరించినది.

మిగిలినవి రికార్డులు. వానిలో పాతవి నిమిషమునకు డెబ్బదియెనిమిది మార్లు తిరుగు పలకలు. ఒక్కొక్క ప్రక్క మూడు, మూడున్నర నిమిషములకు మించదు. గంటసేపు సాగు రాగమును ఆ సంకుచిత స్థలమున ఇముడ్చుట కచేరీ విద్వాంసులకు తలనొప్పి. చాలమంది తొందరపడుదురు, పలక తిరుగువేగము వారి వ్రేళ్లకును పట్టును. క్రైస్లరునకు ఆ చిక్కు లేదు, అతని రచనలు పుట్టుకతోనే ఆ కొలతకు సరిపోవునవి. మన విద్వాంసునకు గంటను నిమిషములు చేయవలసిన పని. నాయుడుగారి పలకలలో తొందర లేదు. రాగపు ముఖమును నాలుగు గీతలలో చూపి, కీర్తన నెత్తుకొని, చోటు చాలినంత మేర నడిపి, ఆపుదురు. చెప్పకుండ విడిచినది చాలగలదని వినువానికి తెలియుచునే యుండును. మంచి కవి కందపద్యమున చేయు పని ఇదియే. సీసము వ్రాయగల చేయి కందము వ్రాసినపుడే కందమునకు బలము.

కొంతకాలము క్రిందట అట్టి పలకపై త్యాగరాజకీర్తన నొకదానిని, ఇప్పటి యంత్రముపైకి ఎక్కించినదానిని, మా తరగతిలో వినిపించితిని. కీర్తన పేరు చెప్పలేదు. విని, అందు ఏ భావము తోచినదో ఒక్క వాక్యము వ్రాయుడని కాగితములు పంచితిని. ఎక్కువమంది దుఃఖమనిరి, పిల్లలకు ఫిడేలు అనగానే సినిమాలో చావు జ్ఞాపకము వచ్చును. ఒక అమ్మాయి ఎవరో తలుపు తట్టుచున్నట్లున్నదని వ్రాసినది. చివరిబల్లమీది యొక పిల్లవాడు, దేవరకొండ వైపు పల్లెవాడు, తండ్రి భజనలో హార్మోనియము వాయించునట, భావమును వ్రాయలేదు. కీర్తన మొదటి మాటలు వ్రాసి యిచ్చెను. వానిలో ఒత్తు ఒకటి తప్పు. ఎఱ్ఱసిరాతో దిద్దుటకు కలము తీసి, మరల మూసి జేబులో పెట్టుకొంటిని.